మీ రిజిస్టర్‌లో ఎంత ఉంది?

జీడిమెట్లలో మా అన్నయ్య నడిపే చిన్న అట్టపెట్టెల యూనిట్‌లో లెక్కలు నేనే చూస్తాను. బిల్లులు, చలాన్లు, బాకీల కోసం ఫోన్లు... పన్నెండేళ్లుగా ఇదే పని.

2024 వానాకాలంలో ఒక మందుల కంపెనీకి 2,400 పెట్టెలు పంపాం. తడిశాయని వాళ్ల స్టోర్స్‌లో రాసుకున్నారు. ఎన్ని తడిశాయో మాకు చెప్పలేదు. ఆ బిల్లుతో పాటు అంతకుముందు రెండు బిల్లులు కూడా ఆపేశారు. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. మాకది రెండు నెలల జీతాలు.

నేను రాసిన మొదటి మెయిల్ ఇంకా నా దగ్గరుంది. "మీరు కావాలనే డబ్బు ఆపుతున్నారు" అని మొదలుపెట్టాను. కాపీ వాళ్ల ఎండీకి పెట్టాను. తప్పు అక్కడే జరిగింది. అప్పటిదాకా ఫోనెత్తి మాట్లాడుతున్న పర్చేజ్ ఆఫీసర్ గారు ఆ మెయిల్‌తో పైవాళ్ల ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. దాంతో తన ఉద్యోగం కాపాడుకునే జవాబే ఇచ్చారు: "సరుకు నాణ్యంగా లేదు." ఆ మాట కాగితం మీదికి ఎక్కాక వెనక్కి తీసుకోవడం ఆయన చేతుల్లో కూడా లేదు.

తర్వాత అడ్వకేట్ నోటీసు పంపాం. చట్టం మా వైపే ఉంది. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం ఒప్పందం ఏదైనా 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. నోటీసులో ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ అది అందిన రోజు నుంచి ఎవరికి ఫోన్ చేసినా ఒకటే మాట, "లీగల్ వాళ్లు చూస్తున్నారు మేడమ్." మా పెట్టెలు కళ్లతో చూసినవాళ్లు మాట్లాడకూడదు, మాట్లాడేవాళ్లు ఆ పెట్టెలు ఎన్నడూ చూడలేదు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. టెన్షన్‌తో అన్నయ్యకు నిద్ర లేదు.

ఫిబ్రవరిలో వేరే పని మీద వెళ్తే వాళ్ల స్టోర్స్ పెద్దాయన గేటు దగ్గర కనబడి అడిగారు, "అమ్మా, ఆ రోజు జీఆర్‌ఎన్ చూసుకున్నారా?" సరుకు అందాక స్టోర్స్ రాసే చీటీ అది. మేం చూడలేదు. ఎవర్నీ అడగనూ లేదు.

ఆ రాత్రే కొత్త ఉత్తరం రాశాను. లారీ నంబరు, చలాన్ నంబరు, పంపిన పెట్టెలు. కింద ఒకే ప్రశ్న: "మీ రిజిస్టర్‌లో మంచివి ఎన్ని, తడిసినవి ఎన్ని?" ఎండీకి కాపీ లేదు, వడ్డీ మాట లేదు. మూడో రోజు జవాబొచ్చింది. తడిసినవి 310.

ఆ 310కి క్రెడిట్ నోట్, అంటే బిల్లులో అంత తగ్గించినట్టు చీటీ, ఇచ్చాం. అంకె తేలాక లీగల్ వాళ్లకు కూడా వాదించడానికేమీ మిగల్లేదు. వాళ్ల ఫైనాన్స్ మేనేజర్‌కైతే తొందర కూడా ఉంది. మాలాంటి చిన్న యూనిట్లకు గడువు దాటిన బాకీని మార్చి 31లోపు కట్టకపోతే, అప్పటి ఆదాయపు పన్ను చట్టం 43బీ(హెచ్) సెక్షన్ కింద ఆ ఏడాది పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా చూపడానికి వీలుండేది కాదు. ఆ సంగతి నేను నోటీసులో బెదిరింపుగా కాకుండా ఫోన్లో మామూలుగా గుర్తుచేశాను. మార్చి రెండో వారంలో డబ్బు పడింది.

నోటీసు పంపొద్దని నేననను. అసలు జవాబే ఇవ్వని కంపెనీలూ ఉన్నాయి, వాళ్ల మీద ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ప్రభుత్వ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లాల్సిందే. అయితే ఆ 2006 చట్టంలోని 18వ సెక్షన్ కూడా ముందు రాజీకే ప్రయత్నించమంటుంది, కుదరకపోతేనే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు. మేం మాత్రం రెండో మెట్టు మీద మొదలుపెట్టి మొదటి మెట్టుకు దిగొచ్చాం. దానికి నాలుగు నెలల జీతాలు అప్పు తెచ్చి ఇచ్చాం.

మొన్న జూలైలో మళ్లీ వాన. లోడు గేటు దాటిన పావుగంటకే పెద్దాయన ఫోన్: "అమ్మా, పై వరసలో 40 తడిశాయి. డ్రైవర్ ఇక్కడే ఉన్నాడు, చలాన్ మీద రాయించి సంతకం పెట్టించనా?"

"పెట్టించండి బాబాయ్ గారూ" అన్నాను. మర్నాడు పొద్దున్నే 40 కొత్త పెట్టెలు పంపాం.