యూసీడ్ పార్ట్ బీ: బొమ్మ బాగా వేసేవాళ్లకే మార్కులు ఎందుకు తగ్గుతాయి

యూసీడ్ రిజల్ట్ వచ్చేసింది. ఐఐటీల్లాంటి చోట్ల బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) చదవడానికి రాసే ప్రవేశ పరీక్ష ఇది. నాకు వందలోపు ర్యాంకు. ఇది ఎంసెట్ లాంటిదా, జేఈఈ లాంటిదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు గానీ, 'ఐఐటీ' అన్న మాట చెవిన పడింది కాబట్టి బంధువులందరికీ ఫోన్లు వెళ్లిపోయాయి. "ఎంపీసీ చదివి బొమ్మలేంట్రా" అన్న బాబాయే నిన్న ఎవరితోనో "మావాడు డిజైనింగ్ సైడు" అని గొప్పగా చెబుతున్నాడు. సరే, ఆ ముచ్చట పక్కనపెడదాం. నాకు మెసేజ్‌లు పెడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, నాకు డ్రాయింగ్ బాగా వచ్చు, సరిపోతుందా?" సరిపోదు.

ముందు పార్ట్ ఏ సంగతి గబగబా చెప్పేస్తాను. ఇది కంప్యూటర్ మీద రాసేది, 57 ప్రశ్నలు, 200 మార్కులు. న్యాట్ ప్రశ్నలకు, అంటే జవాబుగా అంకె టైప్ చేసేవాటికి, నెగెటివ్ లేదు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకండి. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండే ఎమ్‌ఎస్‌క్యూలో ఆశకు పోవద్దు. కచ్చితంగా తెలిసిన ఆప్షన్లే పెడితే పాక్షిక మార్కులు వస్తాయి, డౌటున్నది కూడా కొట్టి అది తప్పైతే మైనస్ ఒకటి. ఒకే జవాబుండే ఎమ్‌సీక్యూలో తప్పుకు 0.71 పోతుంది. క్యూబ్‌ను విప్పి పరిస్తే వచ్చే చదును ఆకారాలు (నెట్‌లు) మొత్తం 11. వాటిని బట్టీ పట్టకుండా అట్టముక్కలు కత్తిరించి మడిచి చూడండి, చేతికి వచ్చింది మర్చిపోరు. పాత పేపర్లు అఫీషియల్ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, వాటి జిరాక్సులకు డబ్బులు కట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. పార్ట్ ఏకి ఇంతకంటే రహస్యం లేదు.

అసలు కథ పార్ట్ బీ. గంట టైమ్, 100 మార్కులు. స్కెచింగ్‌కి 50, డిజైన్ ఆప్టిట్యూడ్‌కి 50.

మొదటిసారి ఇంటర్ సెకండియర్‌లో రాసినప్పుడు పార్ట్ ఏ కటాఫ్ సులువుగానే దాటాను. పార్ట్ బీలో వచ్చిన తక్కువ మార్కులు చూసి మాత్రం నా కళ్లను నేనే నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ పోర్ట్రెయిట్‌లు వేసేవాణ్ణి, ప్రైజులున్నాయి. ఆ రోజు హాల్లో ఇన్విజిలేటర్ మేడమ్ కూడా నా షేడింగ్ దగ్గర కాసేపు ఆగి చూసి వెళ్లారు. నేను వెళ్లిన కోచింగ్‌లో ఒక సూత్రం చెప్పేవాళ్లు: రైల్వే ప్లాట్‌ఫామ్, సంత, బస్టాండ్, ఈ మూడు సీన్లు బాగా ప్రాక్టీస్ చెయ్యండి, ప్రశ్న ఏదొచ్చినా అందులోకి లాక్కురండి అని. ఫీజు కట్టిన పిల్లాడు సార్ చెప్పింది వినక ఏం చేస్తాడు? చెప్పింది చెప్పినట్టే చేశాను.

యూసీడ్ చూసేది బొమ్మ అందం కాదు. ఎవరు, ఎక్కడ నిలబడి, ఎంత ఎత్తు నుంచి చూస్తున్నారన్నది. బట్టీ పట్టిన సీను ఎప్పుడూ ఒకే ఎత్తు నుంచి ఉంటుంది. ప్రశ్నలో కూర్చున్న మనిషి కంటితో చూడమంటే, చెట్టు మీది నుంచి చూడమంటే, ఆ సీను ఎందుకూ కొరగాదు.

నాకిది ఏ క్లాసులోనూ కాదు, మా వంటింట్లో అర్థమైంది. మంచినీళ్లకి వెళ్లి ఊరికే నిలబడి గిన్నెల వంక చూస్తున్నాను. నేల మీద బిందె మూతి దాదాపు గుండ్రంగా, విశాలంగా తెరుచుకుని కనిపిస్తోంది. గట్టు మీది గిన్నె మూతి అంతకంటే సన్నటి కోడిగుడ్డు ఆకారం. నా కళ్ల ఎత్తులో ఉన్న అరలో పప్పు డబ్బా అంచైతే ఉత్త అడ్డగీత. ఇక అటక మీది పెద్ద డేగిసాకి మూతే కనపడటం లేదు, దాని అంచు గీత పైకి వంగి ఉంది. నాలుగూ గుండ్రటివే, ఒక్కటీ గుండ్రంగా లేదు. పీట వేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు అడ్డగీతగా మారింది గట్టు మీది గిన్నె. పప్పు డబ్బా అంచు పైకి వంగింది. అంటే ఆ అడ్డగీత డబ్బాది కాదు, నాది. నాతోపాటే కిందికి దిగింది. దాన్నే పుస్తకాల్లో ఐ లెవెల్ అనీ, హొరైజన్ లైన్ అనీ అంటారు. అప్పటికి ఆ మాట వెయ్యిసార్లు విన్నాను, నోట్సులో అండర్‌లైన్ కూడా చేశాను.

అక్కడి నుంచి జనాన్ని వేయడం కూడా తేలికైపోయింది. చదునైన నేల మీద మీ ఎత్తువాళ్లు ఎంత దూరంలో నిలబడినా వాళ్ల కళ్లు ఆ గీత మీదే ఉంటాయి. దూరం పోయేకొద్దీ పాదాలు పైకి జరుగుతాయి, అంతే. అదే చూసేది చిన్నపిల్ల అయితే, ఆ గీత దగ్గరున్న పెద్దవాళ్లకీ, దూరంగా ఉన్న పెద్దవాళ్లకీ ఒకేలా నడుము దగ్గర తగులుతుంది. ఈ ఒక్కటి పట్టుకుంటే ఇరవై మంది ఉన్న సీనైనా మనుషులు గాల్లో తేలరు. సాయంత్రాలు బస్టాండ్‌కి వెళ్లి అదే సీను బెంచీ మీద కూర్చున్న ముసలాయన కంటితో ఒకసారి, బస్సు టాప్ ఎక్కి లగేజీ సర్దేవాడి కంటితో ఒకసారి వేసేవాణ్ణి. షేడింగ్ పూర్తిగా మానేశాను. గీతలు వంకరపోయినా పట్టించుకోలేదు.

డిజైన్ ఆప్టిట్యూడ్‌కి మాత్రం గిన్నెలే ఇంకోలా పనికొచ్చాయి. అమెరికన్ డిజైనర్లు ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాద్‌లో 1961లో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) పుట్టింది దాని ఫలితంగానే. దేశమంతా తిరిగిన వాళ్లు అందులో ఎక్కువగా మెచ్చుకున్నది ఏ గుడినో కోటనో కాదు, లోటాని. మన చెంబే! ఎన్ని నీళ్లు పట్టాలి, ఎలాంటి చేతులు పట్టుకుంటాయి, చంకన పెట్టుకుంటారా, తలకెత్తుకుంటారా, నిండుగా ఉంటే బరువు ఎటు పోతుంది, ఎలా తోముతారు అని వరసగా ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. నేను అదే వరసలో ఇంట్లో చీపురు, తాళం, గొడుగు, ఒక్కొక్కటీ ముందేసుకుని కూర్చునేవాణ్ణి. వస్తువు వాడే మనిషి ఎవరో రాయకుండా స్కెచ్ మొదలుపెట్టొద్దని నాకు నేనే రూల్ పెట్టుకున్నాను. ఈసారి ఆ 50లో నన్ను గట్టెక్కించింది ఇదే.

ఒక్కమాట కటువుగా అంటాను, ఏమనుకోవద్దు. రీల్స్‌లో స్పీడ్ డ్రాయింగ్ వీడియోలు చూస్తూ 'ప్రాక్టీస్ చేస్తున్నాం' అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాడి చెయ్యి కదులుతోంది, మీ బొటనవేలు కదులుతోంది. రోజుకో పేజీ అయినా ఎదురుగా ఉన్న వస్తువును చూసి వెయ్యండి, జ్వరమొచ్చినా వెయ్యండి. మళ్లీ రాయడానికి ఎక్కడా చేరకుండా ఏడాది ఆగినప్పుడు (డ్రాప్ తీసుకున్నప్పుడు) నన్ను తిట్టనివాళ్లు లేరు. కానీ యూసీడ్ వరసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. అది తెలిసీ ఇంజనీరింగ్‌లో చేరిపోయి, సెమిస్టర్ పరీక్షల మధ్య ఆఖరి ఛాన్సు వాడుకోవడం నాకు తెలివైన పనిలా అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు. ఐఐటీ బాంబేలో బీడిజైన్ సీట్లు 37. అరమనసుతో వెళ్లేవాళ్లకు అందులో చోటెక్కడుంది?

ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్షలో ప్రిలిమ్స్ కూడా దాటాను, మెయిన్స్ గురించి విడిగా రాస్తాను, అది వేరే ప్రపంచం.

ర్యాంకు వచ్చినవాళ్లు ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. సీటు దానంతటది రాదు. బీడిజైన్ అడ్మిషన్‌కి మళ్లీ విడిగా అప్లై చేసి, ఫీజు కట్టి, ఇన్‌స్టిట్యూట్‌ల ప్రాధాన్యం వరసగా పెట్టాలి. యూసీడ్ రాసేటప్పుడు కట్టాం కదా అని ఊరుకుంటే కుదరదు. ఆ ఆర్డర్ పెట్టేటప్పుడు ఇంట్లోవాళ్లు దగ్గరున్న ఊరే మొదట పెట్టమంటారు. మా అమ్మ కూడా హైదరాబాద్ పైన పెట్టమని పోరుతోంది. నేను బాంబే, గువాహటి తర్వాతే హైదరాబాద్ పెట్టబోతున్నాను, అమ్మకి ఇంకా చెప్పలేదు.