రాయి నీళ్ళ మీద తేలుతుందా

2023 అక్టోబరులో పదకొండు రోజులు నాకు గుర్తు లేవు. అవన్నీ ఒక ఎనభై పేజీల నోటుబుక్కులో ఉన్నాయి. సగం మా ఆయన చేతిరాత, సగం నర్సుల చేతిరాత. ఇంట్లో ఏది పోయినా మళ్ళీ కొనుక్కోవచ్చు గానీ, ఆ పుస్తకం పోతే మాత్రం నేను తట్టుకోలేను.

నేను కర్నూల్లో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. సెప్టెంబరు చివర్లో వెల్దుర్తి దగ్గర మా అమ్మవాళ్ళ ఊరికి పోయాను. చేలో బుడ్డలు (వేరుశనగ) పీకుతున్నారు. గట్టు మీద గడ్డిలో కూర్చుని అందరితో పాటు జొన్న రొట్టె, పచ్చికారం తిన్నాను. పది రోజులకు చలి, జ్వరం, కళ్ళ వెనక నుంచి పొడిచే తలనొప్పి మొదలయ్యాయి. ఇంటి దగ్గర క్లినిక్‌లో వైడల్ టెస్టు చేసి టైఫాయిడ్ అన్నారు. ఐదు రోజులు ఇంజెక్షన్లు వేయించుకున్నా జ్వరం దిగలేదు. ఆరో రోజు రాత్రి నాలుగు మెట్లు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. ఆ క్లినిక్ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కసారి ఒళ్ళంతా చూసి ఉంటే అంతదూరం వచ్చేది కాదు.

చూసింది నర్సు. ఐసీయూలో మొదటి రాత్రి, నాకు ఇంకా తెలివి ఉంది. ముక్కుకు ఆక్సిజన్ మాస్కు పెట్టారు. పట్టుమని పాతికేళ్ళుంటాయేమో, పత్తికొండ వైపు అమ్మాయి, గోరువెచ్చని నీళ్ళలో బట్ట ముంచి నా ఒళ్ళు తుడుస్తోంది. లంగా నాడా బిగిసే చోట, నడుం మడతలో ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇదేందమ్మా, ఏమన్నా కాలిందా?"

నాకేమీ తెలియదు. నొప్పి లేదు, దురద లేదు. కందిగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు, సిగరెట్‌తో కాల్చినట్టుగా ఉందట. ఆమె టార్చి తెచ్చి మళ్ళీ చూసింది. వెంటనే డ్యూటీ డాక్టరును పిలిచింది. ఆయన చూసిన నిమిషంలోనే స్క్రబ్ టైఫస్ అన్నాడు. రక్తపరీక్ష తర్వాత వచ్చింది, మందు మాత్రం ఆ రాత్రే మొదలైంది.

గడ్డిలో, పొదల్లో ఉండే మైట్ అనే ఒక రకం నల్లి పిల్ల కుడితే వచ్చే జబ్బు ఇది. కంటికి కనబడనంత చిన్నది. బట్ట బిగుతుగా ఉండే చోటు, చర్మం మడతపడే చోటు చూసుకుని కుడుతుంది. అందులోని సూక్ష్మజీవి మన కణాల లోపల చేరి పెరుగుతుంది. టైఫాయిడ్‌కు మామూలుగా వేసే ఇంజెక్షన్లకు లొంగదు. డాక్సీసైక్లిన్ కావాలి. జబ్బు ముదిరిన వాళ్ళకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఏదో ఒక్కటే ఇచ్చినదానికంటే మేలని మన దేశంలోనే, వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి ముందుండి ఏడు ఆస్పత్రుల్లో చేసిన పరిశోధనలో తేలింది. అది అచ్చయింది కూడా ఆ 2023లోనే. నాకు రెండూ ఇచ్చారు. కానీ అప్పటికే ఊపిరితిత్తులు నీరు పట్టాయి. తెల్లారేలోపు గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. నాకు గుర్తున్నది అంతవరకే.

రెండో రోజు ఆ అమ్మాయే మా ఆయనతో, "సార్, ఒక నోటుబుక్కు తెచ్చుకోండి, ఇక్కడ ఏం జరిగితే అది రాయండి, అమ్మ లేచినాక అడుగుతుంది" అన్నదట. ఆయన ఉత్తరమైనా రాసే మనిషి కాదు. మొదటి పేజీలో తేదీ ఒక్కటే ఉంది.

మూడో రోజు పేజీ సిస్టర్ రాసింది. "మధ్యాహ్నం 3కి మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టాము. ఆరుగురం. డాక్టరు గారు తల, గొట్టం పట్టుకున్నారు. మీ ఆక్సిజన్ 84 నుంచి 93కి వచ్చింది. అందరం సంతోషపడ్డాము." ఇది చదివినప్పుడల్లా ఆ "సంతోషపడ్డాము" దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంటికొచ్చాక దీని గురించి వెతికి చదివాను. వెల్లకిలా పడుకుంటే గుండె, పొట్ట బరువు ఊపిరితిత్తుల వెనక భాగాన్ని నొక్కేస్తాయి. బోర్లా తిప్పితే అక్కడికి గాలి వెళ్తుంది. ఫ్రాన్స్ వాళ్ళ పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. మొత్తం 466 మంది రోగులు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న వాళ్ళను ప్రతిసారీ కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే, 28 రోజుల్లో చనిపోయిన వాళ్ళు నూటికి 16 మంది. వెల్లకిలా ఉంచిన వాళ్ళలో దాదాపు 33 మంది. ఇదేమీ కొత్త మందు కాదు. మనిషిని తిప్పడమే.

అయితే పదహారు గంటలు బోర్లా ఉన్న మనిషిని అట్లా వదిలేయడానికి లేదు. చెంప ఒరుసుకుపోతుంది, చెవి మడతపడుతుంది, కళ్ళు ఎండిపోతాయి. నోటుబుక్కులో గంటలు వేసి ఉన్నాయి: రాత్రి 8కి ముఖం ఎడమకు, 10కి కుడికి, 12కి ఎడమకు. కళ్ళకు మందు రాసి, రెప్పలు మూసి టేపు వేసేవాళ్ళు. మోకాళ్ళ కింద, ఛాతీ కింద దిండ్లు. నోరు తుడవడం, గొట్టంలో కఫం తీయడం. వెంటిలేటర్ మీదున్న ఒక్కో మనిషికి ఒక్కో నర్సు ఉండాలంటారు. ఆ రాత్రుళ్ళు ఆమె ముగ్గురిని చూసుకుందట. అయినా నా ఒంటి మీద మిగిలింది గడ్డం దగ్గర చిన్న మచ్చ ఒక్కటే.

వారం దాటాక మత్తు తగ్గించారు. నాకు తెలివి వచ్చిందని మావాళ్ళు అనుకున్నారు. నేను మాత్రం 2009లో ఉన్నాను. ఆ అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు మేము పాతబస్తీలో మిద్దె మీద రాత్రంతా నిలబడ్డాం. వెంటిలేటర్ చప్పుడు నాకు ఆ నీళ్ళ చప్పుడే. గొట్టం లాక్కోకుండా మణికట్లు మంచానికి కట్టారు. నేను మునిగిపోతుంటే ఎవరో నన్ను కట్టేశారనుకున్నాను. ఆ భయాన్ని మాటల్లో పెట్టలేను. మా ఆయన రాశాడు: "చేతులు కట్టినారు. చూడలేకపోయినా. నేను చెయ్యి పట్టుకోని కూర్చున్నంతసేపు విప్పుతానని సిస్టర్ డాక్టరును అడిగి ఒప్పించింది. ఈ పొద్దు రెండు గంటలు కూర్చున్నా."

రోజూ పొద్దున ఆమె నా చెవి దగ్గరకు వచ్చి చెప్పేది. "టీచరమ్మా, ఈ రోజు గురువారం. తొమ్మిదయింది. మీరు కర్నూల్లో ఆస్పత్రిలో ఉన్నారు. గొంతులో గొట్టం ఉంది, అందుకే మాట రాదు. దసరా సెలవులు కదా, పాప అమ్మమ్మ దగ్గరుంది." ఆ తర్వాత ఒక ప్రశ్న.

"రాయి నీళ్ళ మీద తేలుతుందా?"

ఈ ప్రశ్న మాత్రం నాకు గుర్తుంది. నేను తల ఊపాను, తేలుతుందని. నా కళ్ళ ముందు తేలుతున్నాయి మరి. రాళ్ళు, గడ్డివాములు, గోడలు, అన్నీ. రాముడి వారధి కథ విని పెరిగిన వాళ్ళం, రాయి తేలడం మాకు వింత కూడా కాదు. ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది. మర్నాడు మాట మార్చి అడిగింది: "ఆకు నీళ్ళ మీద తేలుతుందా? సముద్రంలో ఏనుగులుంటాయా?" ఏనుగులకు కూడా ఊపానట.

ఐసీయూలో మనసు చెదిరిందో లేదో మంచం దగ్గరే రెండు నిమిషాల్లో కనిపెట్టే పరీక్ష అది. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ళు 2001లో తెచ్చారు. గొట్టం ఉన్నవాళ్ళు మాట్లాడలేరు కాబట్టి తల ఊపితే చాలు. ఇది పిచ్చి కాదు, డెలిరియం అని, వెంటిలేటర్ మీద ఉన్న చాలామందికి వస్తుందని, తగ్గుతుందని ఆమె మా ఆయనకు ఓపిగ్గా చెప్పింది. చెప్పకపోయి ఉంటే ఆయన ఏమైపోయేవాడో.

పదకొండో రోజు, దసరా ముందు గొట్టం తీశారు. మొదట ఒక చెంచా నీళ్ళు ఇచ్చి, మింగగలుగుతున్నానా అని గొంతు మీద వేళ్ళు పెట్టి చూశారు. చెంచా నా చేతికిస్తే జారిపోయింది. ఒంట్లో కండ అంతా కరిగిపోయింది. మంచం అంచున కూర్చోవడానికే ఇద్దరు పట్టుకోవాలి. రాగిజావ నుంచి జొన్న రొట్టెకు రావడానికి మూడు వారాలు పట్టింది. డిసెంబరులో స్కూలుకు పోతే బోర్డు మీద నా అక్షరాలు కిందికి జారేవి. జనవరిలో జుట్టు ఊడింది. అవన్నీ మెల్లగా తిరిగొచ్చాయి. రాత్రుళ్ళు నీళ్ళ కల మాత్రం పోలేదు.

ఆ కల వచ్చినప్పుడల్లా లేచి లైటు వేసి నోటుబుక్కు తీసేదాన్ని. నన్ను కట్టేశారనుకున్న గంటలో మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. నీళ్ళు మెడ దాకా వచ్చాయనుకున్న రాత్రి ఎవరో తడిబట్టతో నా మెడ తుడిచారు. ఒక్కో భయం పక్కన ఒక్కో తేదీ, గంట. ఇట్లా పుస్తకం రాయడం స్కాండినేవియా దేశాల నర్సులు 1980ల్లో మొదలుపెట్టారట. 2010లో వచ్చిన యూరప్ పరిశోధనలో, పుస్తకం అందుకున్న వాళ్ళలో నూటికి 5 మందికే ఇట్లాంటి భయాలు, పీడకలలు వదలని జబ్బు (పీటీఎస్‌డీ అంటారు) కొత్తగా వచ్చింది, అందుకోని వాళ్ళలో 13 మందికి. 2019లో ఫ్రాన్స్ వాళ్ళు చేస్తే పెద్ద తేడా కనబడలేదు. సైన్సు టీచర్ని కాబట్టి రెండూ చెప్తున్నాను. కానీ నాకు నిద్ర తెచ్చింది ఈ పుస్తకమే.

ఫిబ్రవరిలో పుస్తకం పట్టుకుని ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె బయటికొచ్చి, "ఎవరు కావాలమ్మా?" అంది. నేను ఫలానా అని చెప్తే కాసేపు నా ముఖమే చూసింది.

"మిమ్మల్ని నిలబడి ఉండంగా ఎప్పుడూ చూడలేదు కదమ్మా" అని, నా చెయ్యి పట్టుకుని, గడ్డం కింద మచ్చ మీద వేలు పెట్టి చూసింది. "ఇది ఇంకా పోలేదే."

"రాయి తేలదు సిస్టర్" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. లోపల ఏదో మానిటర్ మోగితే వెళ్ళిపోయింది.