కాలిపర్ మార్చే ముందు నిపుల్ విప్పి చూడాలి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోనో, అబుదాబి ముసఫ్ఫాలోనో, దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోనో గ్యారేజీల్లోకి పోతే జగిత్యాల, కోరుట్ల, నిర్మల్, వరంగల్ దిక్కు పిలగాళ్లు కనబడటం మామూలే. మన దగ్గర స్విఫ్టులు, ఇన్నోవాలు, బొలెరోల మీద చేయి తిరిగినవాళ్లే చాలామంది. అయితే జాబ్ కార్డు మీద ‘ముందు కుడి చక్రం బ్రేక్ పట్టేస్తోంది’ అని ఉండి, ఎదురుగా ఉన్నది ముస్టాంగో, నిస్సాన్ జీటీఆరో, సుబారు ఎస్‌టీఐయో అయితే చేయి నేరుగా కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బోల్టు మీదికే పోతుంది. ఫోర్‌మన్ కూడా కొత్తది తెప్పించి బిగించేయమనే తొందరపెడతాడు. కొత్త కాలిపర్ పడ్డ వారానికి అదే బండి అదే కంప్లైంటుతో తిరిగొస్తే మాటలు పడేది మనవాడే. అసలు ఏది పట్టేసిందో తేలనిదే ఏదీ మార్చకూడదు. తేల్చడానికి అరగంట పట్టదు.

మన మామూలు కార్లకు ఉండేది జారే కాలిపర్. లోపలి వైపు ఒక్క పిస్టన్ ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కగానే కాలిపర్ బాడీ రెండు స్లైడ్ పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పెర్ఫార్మెన్స్ కార్లకు, ముఖ్యంగా ముందు చక్రాలకు, ఎక్కువగా కదలని కాలిపర్ ఉంటుంది. ఎదురెదురుగా పిస్టన్లు ఉంటాయి, స్లైడ్ పిన్నులు ఉండవు. 2017 మోడల్ దాకా ఎస్‌టీఐకి వచ్చే బ్రెంబో కంపెనీ కాలిపర్లకు ముందు నాలుగు, వెనక రెండు పిస్టన్లు. జీటీఆర్ ఆర్35కు ముందు ఆరు, వెనక నాలుగు. 2015 నుంచి 2023 మోడల్ దాకా ముస్టాంగ్ జీటీ పెర్ఫార్మెన్స్ ప్యాక్‌కు ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో ఉన్నా వెనక మాత్రం ఒక్క పిస్టన్ జారే కాలిపరే. అంటే ఒకే బండికి ముందొక రకం రోగం, వెనకొక రకం రోగం రావచ్చు.

రెండు రకాల్లోనూ పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఏదీ లేదు. ఆ పని చేసేది బోరు (పిస్టన్ కదిలే రంధ్రం) గాడిలో కూర్చున్న చదరపు కోత రబ్బరు సీల్. పెడల్ తొక్కితే పిస్టన్ ముందుకు పోతూ సీల్ అంచును తనతోపాటు వంచుతుంది. వదలగానే సీల్ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి తెస్తుంది. అది వెనక్కి వచ్చేది మిల్లీమీటరులో కొద్ది భాగమే. అందుకే సీల్ వెనక గాడిలో పలచగా తెల్లటి పొర పేరుకున్నా చాలు, సీల్ పిస్టన్‌ను బిగించి పట్టుకుని వదలదు.

ఇక వెతకడం. బండిని పది పదిహేను నిమిషాలు నడిపి, చివర గట్టిగా బ్రేక్ తొక్కకుండా మెల్లగా ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో డిస్కులు చూడాలి. ముందు డిస్కులు వెనకవాటి కంటే వేడిగా ఉండటం సహజం కాబట్టి ఒకే యాక్సిల్ కుడి ఎడమలనే పోల్చాలి. మెరిసే లోహం మీద ఆ మీటర్ తక్కువ చూపిస్తుంది. అందుకని రెండు వైపులా సరిగ్గా ఒకే చోట, ఒకే దూరం నుంచి పట్టాలి.

తర్వాత బండిని లేపి న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు పెడల్ తొక్కి వదిలితే ఇంకొకరు చక్రం తిప్పి చూడాలి. చక్రం పట్టేసి ఉన్నప్పుడే కాలిపర్ నిపుల్‌కు (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూకు) పైపు తొడిగి, సీసాలోకి వదిలి, పావు చుట్టు విప్పాలి. ఆయిల్ ఒక్కసారి చిమ్మి చక్రం వదులైతే లోపల ఒత్తిడి నిలిచిపోయిందన్నమాట. అట్లయితే కాలిపర్‌ది తప్పు కాదు. నిపుల్ బిగించి, మళ్లీ తొక్కి, ఈసారి కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ ఇనుప పైపుకు కలిసేచోట, హోస్‌కు పైనున్న యూనియన్‌ను (కలిపే నట్టును) కొద్దిగా వదులు చేయాలి. చక్రం వదిలితే అడ్డు ఇంకా పైన, పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. వదలకపోతే హోస్ పోయింది. హోస్ బయటికి కొత్తదానిలాగే కనబడుతుంది. లోపలి పొర విడిపోయి పెడల్ బలానికి ఆయిల్‌ను పోనిస్తుంది గానీ తిరిగి రానివ్వదు. విప్పిన కాలిపర్‌ను హోస్ మీదనే వేలాడదీసే అలవాటు కూడా ఈ పొరను చీలుస్తుంది. ఒక తీగ ముక్కతో స్ప్రింగుకు కట్టేస్తే ఆ బాధ ఉండదు.

నిపుల్ విప్పినా చక్రం కదలకపోతే అప్పుడు కాలిపర్ వంతు. పిస్టనో, పిన్నులో, ప్యాడ్లో, వెనకదైతే పార్కింగ్ బ్రేకో చూడాలి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి పట్టేస్తుంటే మాత్రం కాలిపర్ల జోలికే పోవద్దు. మాస్టర్ సిలిండర్ నట్లు బూస్టర్ (పెడల్ బలాన్ని పెంచే డబ్బా) దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేసి చూడాలి. చక్రాలు వదిలితే పుష్‌రాడ్ (మాస్టర్‌ను నెట్టే కడ్డీ) పొడవు ఎక్కువై, పెడల్ వదిలినా మాస్టర్ పూర్తిగా వెనక్కి రావడం లేదన్నమాట.

గల్ఫ్‌లో కదలని కాలిపర్లకు వచ్చే జబ్బు మన దగ్గర అరుదుగా కనిపిస్తుంది. ప్యాడ్ అంచులు జారేచోట అల్యూమినియం బాడీ మీద స్టీలు రేకు ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలికి ఆ రేకు కింద అల్యూమినియం తెల్లగా పొడిబారి ఉబ్బుతుంది, రేకును పైకి లేపుతుంది. దారి ఇరుకై ప్యాడ్ అందులో బిగుసుకుంటుంది. జులై, ఆగస్టుల్లో యజమానులు విదేశాలకు పోతే నెలల తరబడి నిలిచిపోయిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. చాలామంది ప్యాడ్ అంచును ఆకురాయితో రాసి దూరుస్తారు. ఆ పూటకు పని నడుస్తుంది గానీ తుప్పు ఆగదు, కొన్నాళ్లకు మళ్లీ అదే. రేకు స్క్రూలు విప్పి, కింద పొడి మొత్తం గీకి, రేకు సమంగా కూర్చునేలా కొత్త స్క్రూలతో బిగించాలి. పాత స్క్రూలు తలలు తెగుతాయి, కాబట్టి ముందే కొద్దిగా వేడి చూపించి విప్పాలి.

యాస్ మరీనాలోనో, దుబాయ్ ఆటోడ్రోమ్‌లోనో ట్రాక్ మీద తిరిగొచ్చిన బండ్ల కథ వేరు. అక్కడి వేడికి డస్ట్ బూట్లు కాలి పెళుసుబారతాయి. ఆ తర్వాత ఇసుక, ప్యాడ్ పొడి కలిసి పిస్టన్ చుట్టూ గట్టిపడతాయి. ఆ స్థితిలో పిస్టన్‌ను అట్లాగే లోపలికి నెడితే ఆ మట్టంతా సీల్ మీదికి పోతుంది. నెట్టాల్సి వస్తే ముందు శుభ్రంగా తుడిచి, నిపుల్ విప్పి, పాత ఆయిల్ సీసాలోకి పోయేలా నెట్టాలి. మూసిపెట్టి నెడితే ఆ మురికి ఏబీఎస్ యూనిట్‌లోకి ఎక్కుతుంది.

సీల్ కిట్ వేయాలంటే హోస్ విప్పకముందే పిస్టన్లను కారు పెడల్‌తోనే బయటికి తేవాలి. కంప్రెసర్ గాలి కంటే అది బలమైనది, భద్రమైనది. నాలుగు పిస్టన్లలో మూడు సులువుగా వచ్చి ఒకటి మొండికేస్తే దొంగ అదే. వచ్చేవాటిని క్లాంపుతో ఆపి, మధ్యలో చెక్క పెట్టి, మొండిదాన్ని ముందు కదిలించాలి. ఒక్కటి పూర్తిగా బయటపడిందంటే ఒత్తిడంతా అటే పోతుంది, మిగతావి ఇక రావు. గాలే వాడాల్సి వస్తే తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. పిస్టన్ ఎదురుగా వేలు పెట్టడమంటే వేలు పోగొట్టుకోవడమే.

బయటికొచ్చిన పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూడాలి. సీల్ రాసుకునే భాగంలో గోటికి తగిలే గుంత ఉన్నా, పైపూత లేచినా పిస్టన్ మార్చాల్సిందే. బోరు గోడ మీద చిన్న గీత ఉంటే అంత భయం లేదు, ఎందుకంటే సీల్ కూర్చునేది గోడ మీద కాదు, గాడిలో. ఆ గాడినే ఓపికగా కడగాలి. ఇత్తడి లేదా నైలాన్ పుల్లతో తెల్లపొర మొత్తం తీయాలి. స్టీలు స్క్రూడ్రైవర్ పెడితే అల్యూమినియం గీసుకుపోతుంది. మన షెడ్లలో డీజిల్‌తో, పెట్రోల్‌తో కడిగే అలవాటును ఇక్కడ పూర్తిగా వదిలేయాలి. బ్రేక్ రబ్బర్లు ఈపీడీఎం రకం. పెట్రోలియం తగిలితే ఉబ్బుతాయి. మామూలు చాసిస్ గ్రీజు పిన్నులకు పూస్తే జరిగేదీ అదే. రబ్బరు ఉబ్బి, బాగు చేసిన కాలిపరే మళ్లీ పట్టేస్తుంది. సీల్‌కు కొత్త బ్రేక్ ఆయిలో, ఎర్ర రబ్బరు గ్రీజో చాలు. పిన్నులకు సిలికోన్ గ్రీజు పలచగా పూయాలి. దట్టంగా నింపితే లోపల గాలి చిక్కి పిన్ను వెనక్కి తన్నుతుంది. పిస్టన్ బొటనవేళ్ల బలానికే నిటారుగా దిగాలి. సుత్తి కావాలనిపిస్తే అది వంకరగా పోతోంది, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

రెండు ముక్కలుగా బోల్టులతో కలిసిన కాలిపర్‌ను మధ్యలో చీల్చకూడదు. లోపలి చిన్న సీళ్లు, ఆ బోల్టుల టార్క్ (బిగింపు బలం) అంకె చేతిలో ఉంటేనే దాన్ని ముట్టుకోవాలి. బాడీ పగిలినా, గాడి తినేసినా, నిపుల్ విరిగి రాకపోయినా కాలిపర్ కొత్తది వేయడమే సరి. ప్యాడ్లు మాత్రం ఎప్పుడూ రెండు వైపులా కలిపి మార్చాలి. డిస్కు మందాన్ని దాని మీద పోతపోసిన కనీస అంకెతో పోల్చాలి.

బిగించేటప్పుడు కుడి ఎడమలు మారడం పెద్ద తప్పు. చాలా నాలుగు, ఆరు పిస్టన్ల కాలిపర్లలో పిస్టన్లు ఒకే సైజు ఉండవు. డిస్కు తిరుగుతూ లోపలికి వచ్చే వైపు చిన్నది, బయటికి పోయే వైపు పెద్దది. నిపుల్ పైకి ఉంటేనే సరైన వైపు బిగించినట్టు. కిందికి ఉంటే ఎంత బ్లీడింగ్ (ఆయిల్ వదిలి గాలి తీయడం) చేసినా గాలి పోదు. హోస్‌ను కాలిపర్‌కు కలిపే బాంజో బోల్టుకు రెండు వాషర్లూ కొత్తవే వేయాలి. నిపుల్‌కు టార్క్ సుమారు 10 న్యూటన్ మీటర్లు, స్లైడ్ పిన్ బోల్టులకు ఎక్కువ కార్లలో 25 నుంచి 35 మధ్య ఉంటుంది. బ్రాకెట్ బోల్టులకు తరచు వంద దాటుతుంది. కచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్‌లోనే చూడాలి. వెనక ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టనిదే పిస్టన్‌ను నెట్టకూడదు, మోటారు గేరు విరుగుతుంది.

బ్లీడింగ్ వరుసలో మన చేయి అలవాటు గల్ఫ్‌లో తప్పుతుంది. మాస్టర్‌కు దూరపు చక్రం నుంచి మొదలుపెట్టే బండ్లలో, హన్మకొండలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి వెనక ఎడమ చక్రం ముందు వస్తుంది. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, కాబట్టి వెనక కుడి చక్రం. కొన్ని కంపెనీలు వేరే వరుస చెబుతాయి, అదీ చూసుకోవాలి. లోపలా బయటా రెండు నిపుళ్లున్న కాలిపర్‌కు రెండింటి నుంచీ గాలి తీయాలి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 5.1కు ఇవి 260, 180. తెరిచి పెట్టిన డబ్బా గాలిలో తేమను పీలుస్తుంది, అందుకని రేటు ఎక్కువైనా చిన్న డబ్బాలే కొనాలి. డాట్ 5 మాత్రం సిలికోన్, దాన్ని వీటిలో కలపకూడదు.

తిరిగొచ్చి వరంగల్‌లో షెడ్డు పెట్టుకున్నవాళ్లకు ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటివి వస్తాయి. ఇక్కడ వానల తేమకు స్లైడ్ పిన్నులే ఎక్కువ తుప్పు పడతాయి. కిట్ దుకాణంలో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడగాలి. కారు పేరు ఒక్కటే చెబితే తప్పు కిట్ వస్తుంది. పిస్టన్‌ను వెర్నియర్‌తో కొలిచి ఆ మిల్లీమీటర్లు, కాలిపర్ మీది నంబరు రెండూ చెప్పాలి. ఇంకా పోవాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ పనంతా చేతనైనవాడు వీసా మీద ‘హెల్పర్’ అని రాయించుకుంటే జీతం హెల్పర్‌దే వస్తుంది. సంతకానికి ముందే కాంట్రాక్టులో ‘మెకానిక్’ అని ఉందో లేదో చూసుకోవాలి.

అంతా బిగించాక పెడల్ గట్టిపడేదాకా తొక్కనిదే బండి కదపకూడదు. ఖాళీ రోడ్డు మీద గంటకు 70 కిలోమీటర్ల నుంచి 15కు ఎనిమిది పదిసార్లు తగ్గించాలి, పూర్తిగా ఆపకూడదు. వేడిమీద పెడల్ తొక్కిపట్టి నిలబెడితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడి తర్వాత వణుకు వస్తుంది. బ్రేకు ముట్టకుండా కొంతదూరం నడిపి చల్లార్చి, మళ్లీ ఒక మామూలు చుట్టు వేసి, థర్మామీటరుతో కుడి ఎడమలు చూసి ఆ రెండు అంకెలూ జాబ్ కార్డు మీద రాసి ఇవ్వాలి.