మా పిల్లది ఏ పార్టీ?

మేముండేది ఇలినాయ్‌లో బ్లూమింగ్టన్-నార్మల్. రెండూ అతుక్కుపోయిన ఊళ్ళు, కలిపితే లక్షా ముప్పై వేల జనాభా ఉంటుందేమో, ఊరు దాటితే ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలు. స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్స్ హెడ్డాఫీసు ఇక్కడే కాబట్టి తెలుగువాళ్ళం బాగానే ఉన్నాం. పిల్లలు ఏ పార్టీ వైపు మొగ్గుతారో అన్న టెన్షన్ న్యూజెర్సీలో ఉన్న మా అక్కకి లేదు, అక్కడ అందరూ దాదాపు ఒకేలా మాట్లాడుకుంటారట. మాది మాత్రం ఎటూ కాని కౌంటీ (మన జిల్లా లాంటిది).

ఇలినాయ్ రిపబ్లికన్ పార్టీకి పునాది వేసిన సభ 1856 మేలో జరిగింది ఈ ఊళ్ళోనే, లింకన్ మాట్లాడాడు (ఆ ఉపన్యాసాన్ని ఎవరూ పూర్తిగా రాసిపెట్టుకోలేదు, అది వేరే కథ). డెమొక్రాట్ల తరఫున 1952లో, 1956లో ఐజన్‌హోవర్ చేతిలో ఓడిపోయిన అడ్లై స్టీవెన్‌సన్ పెరిగిందీ ఇక్కడే, కానీ సొంత కౌంటీయే ఆయనకి ఓటెయ్యలేదు. ఈ మధ్య చూస్తే మా మెక్లీన్ కౌంటీలో గెలిచింది 2008లో డెమొక్రాట్ ఒబామా, 2012లో రిపబ్లికన్ రామ్నీ, 2016లో కొద్ది తేడాతో రిపబ్లికన్ ట్రంప్, 2020లో డెమొక్రాట్ బైడెన్, 2024లో డెమొక్రాట్ హారిస్. యూనివర్సిటీ చుట్టుపక్కలంతా డెమొక్రాట్ల వైపు, లెరాయ్, లెక్సింగ్టన్ లాంటి పల్లెటూళ్ళు రిపబ్లికన్ల వైపు. మా పాప స్కూల్లో ఈ రెండు రకాల పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు.

ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ మొదట మింగుడుపడనిది ప్రైమరీ, అంటే అసలు ఎన్నికకి ముందు ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిగే ఓటింగ్. ఇలినాయ్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ రాయక్కర్లేదు, కానీ ప్రైమరీ రోజున బల్ల దగ్గరికెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పాలి. ఆ బల్ల వెనక కూర్చున్నది ఎదురింటి పెద్దాయనే కావచ్చు. ఎవరికి వేశామన్నది రహస్యమే గానీ ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నామన్నది పబ్లిక్ రికార్డు. ఇండియాలో కాగితం మీద అంతా గుప్తం, కానీ ఏ వీధి ఎవరిదో, ఏ ఇంటివాళ్ళు ఎవరికి వేస్తారో చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. మా ఆయన ఇలా బ్యాలెట్ అడగడం ఇష్టంలేక ప్రైమరీకి వెళ్ళడమే మానేశాడు. "రికార్డుల్లోకి ఎక్కడం మనకెందుకు?" అంటాడు.

అలాంటి ఇంట్లో మా పాప 2024 నవంబర్‌లో పోలింగ్ కేంద్రంలో జడ్జిగా (ఇక్కడ పోలింగ్ సిబ్బందిని అలా అంటారు) పనిచేస్తానని ఫారం పట్టుకొచ్చింది. హైస్కూల్లో జూనియర్, సీనియర్ పిల్లలకి, అంటే పదకొండు, పన్నెండు తరగతుల వాళ్ళకి, ఇక్కడ ఆ అవకాశం ఉంది, పౌరసత్వం ఉండాలి, మార్కులు బాగుండాలి, ప్రిన్సిపాల్ సరేననాలి, తల్లిదండ్రులూ ఒప్పుకోవాలి. జడ్జిలు రెండు పార్టీల నుంచీ ఉండాలి కాబట్టి ఏ పార్టీ తరఫునో అందులో రాయాలి. "నాన్నా, మనది ఏ పార్టీ?" అంది. ఆయన "మనకి పార్టీ ఏంటమ్మా" అన్నాడు. అదే మనిషి ఆ ఏడాది జూన్ 4న ఆంధ్రా ఫలితాలొస్తుంటే రాత్రంతా నిద్రపోకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు, కూటమికి 164, వైసీపీకి 11 అని అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు. తనకి అక్కడ ఓటు లేదు, అమెరికా పౌరుడు. అది గుర్తుచేసి పిల్ల పకపకా నవ్వింది.

మన గ్రూపుల్లో అప్పుడు నడిచిన వాదన కూడా చెప్పుకోవాలి. ఒకవైపు హారిస్ తల్లి చెన్నై నుంచి వచ్చారు, ఇంకోవైపు ట్రంప్ జతగా ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ వాన్స్ భార్య ఉష పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరు. "మన అమ్మాయి" అంటూ అంతవరకూ డెమొక్రాట్లమన్న అంకుల్స్ కొందరు ఒక్క వారంలో రిపబ్లికన్ల వైపు దూకారు. మా పాపకి ఈ రెండు చుట్టరికాలూ పట్టలేదు. తనకి పట్టింది స్కూలు పన్ను.

అది ఎందుకో చెప్తాను. మా స్కూల్ డిస్ట్రిక్ట్, యూనిట్ ఫైవ్, ఆస్తిపన్ను పెంచడానికి 2022 నవంబర్‌లో ప్రజల అనుమతి అడిగితే ఓడిపోయింది. డబ్బుల్లేక ఐదో తరగతి బ్యాండు, ఆర్కెస్ట్రా తీసేస్తామన్నారు, మా చిన్నోడు అప్పుడు నాలుగో తరగతి, వయొలిన్ కోసం ఎదురుచూస్తున్నాడు. జూనియర్ హైలో (ఆరు నుంచి ఎనిమిది తరగతులు) ఆటలూ పోతాయన్నారు. 2023 ఏప్రిల్‌లో మళ్ళీ పెడితే గెలిచింది. ఏప్రిల్ ఎన్నికలకి వచ్చేవాళ్ళు నవంబర్‌కన్నా చాలా తక్కువ, ప్రతి ఓటూ లెక్కే. మా కాలనీలో ఇళ్ళు కొని వేలకి వేలు ఆస్తిపన్ను కడుతున్న తెలుగువాళ్ళలో చాలామంది ఇంకా హెచ్‌1బీనో, గ్రీన్ కార్డ్ క్యూనో, వాళ్ళ పిల్లల వయొలిన్ మీద వాళ్ళకే ఓటు లేదు. వాళ్ళని ఏమీ అనలేం. ఓటుండి కూడా "ఏప్రిల్‌లో ఎన్నికలేంటి?" అన్నవాళ్ళ మీదే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రెసిడెంట్ గురించి గంటలు గంటలు చర్చిస్తారు, స్కూల్ బోర్డులో ఎవరున్నారంటే నోరు మెదపరు.

చివరికి ఫారంలో డెమొక్రాట్ అని రాసింది, నేను సంతకం పెట్టాను. పోలింగ్ రోజు తన పక్కన కూర్చున్న రిపబ్లికన్ జడ్జి లెక్సింగ్టన్ వైపు రైతట, మధ్యాహ్నం ఇద్దరూ పులిహోర పంచుకున్నారట. ఇప్పుడు కొత్త గొడవ. ప్రైమరీకి పదిహేడేళ్ళవాళ్ళు కూడా, నవంబర్‌కల్లా పద్దెనిమిది నిండుతాయంటే, ఓటెయ్యొచ్చు. ఈసారి రిపబ్లికన్ బ్యాలెట్ అడుగుతానంటోంది. మా వైపు కౌంటీ బోర్డు సీటుకి గెలిచేది ఎలాగూ రిపబ్లికనే కాబట్టి అది ఎవరిదో ఆ ప్రైమరీలోనే తేలిపోతుంది, నవంబర్‌లో వేసి లాభమేంటని దాని లెక్క. "నీ పేరు పక్కన రెండు పార్టీలూ పడతాయే!" అని వాళ్ళ నాన్న తల పట్టుకున్నాడు. "పడనీ నాన్నా, కావాలంటే నువ్వు వచ్చి ఇంకోటి అడుగు" అంది.