జంతుప్రదర్శనశాలల్లో తరిగిపోతున్న సింహపు తోక కోతులు

పశ్చిమ కనుమల సతతహరితారణ్యాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా బతకని సింహపు తోక కోతి, రక్షణ కోసం చేర్చిన జంతుప్రదర్శనశాలల్లో కూడా తరిగిపోతున్న తీరు నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. నల్లని ఒళ్లు, ముఖం చుట్టూ వెండి రంగు జూలు, చివర కుచ్చున్న తోక గల ఈ కోతులు కర్ణాటక, కేరళ, తమిళనాడు అడవుల్లో అన్నీ కలిపి నాలుగు వేలకు మించవని అంచనా. కేరళలోని సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ ప్రాజెక్టు రాకుండా 1970లలో మొదలైన ఉద్యమానికి ఇదే గుర్తుగా నిలిచింది. సుమారు ఆ రోజుల్లోనే, 1980లలో, అమెరికా, ఐరోపా జంతుప్రదర్శనశాలలు ఉమ్మడి ప్రణాళికతో వీటి సంతతిని పెంచడానికి పూనుకున్నాయి.

విచారకరమైన విషయమేమిటంటే, అక్కడ క్షీణతకు దారితీసింది మొదట దక్కిన విజయమే. పిల్లలు బాగా పుట్టాయి గాని వాటికి చోటు చాలలేదు. ఒకటి రెండు మగవి, అనేక ఆడవి, వాటి పిల్లలు కలిసి బతికే ఈ జాతిలో ఎదిగిన మగకోతులు పుట్టిన గుంపులో ఇమడవు కాబట్టి వాటికి వేరే ఆవరణలు కట్టాలి; అందుకు బదులు ఆడవాటికి గర్భనిరోధకాలు ఇచ్చి కాన్పులను ఆపడం సులువనిపించింది. దానికి తోడు, ఈ జాతి కూడా చెందిన మకాక్ అనే కోతుల వర్గంలో ఉండి, మనుషులకు సోకితే ప్రాణాలు తీయగల బి వైరస్ భయం ఉండనే ఉంది. 1997లో అమెరికాలోని ఒక పరిశోధన కేంద్రంలో రీసస్ కోతి నుంచి ఆ వైరస్ సోకి ఒక యువతి మరణించడంతో ఆ భయం మరింత బలపడింది.

అయితే కాన్పులను కొన్నేళ్లు ఆపి, కావలసినప్పుడు తిరిగి మొదలుపెట్టవచ్చుననే లెక్క ఈ జాతి విషయంలో సరికాదు. ఆడకోతి తొలిచూలు దాదాపు ఐదో ఏటగాని రాదు, అడవిలో ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య రెండు మూడేళ్లు పడుతుంది. అలాంటప్పుడు చేజారిన ప్రతి ఏడాదీ పూడ్చుకోలేని నష్టమే. చాలాకాలం చూలు లేకుండా ఉన్న ఆడవి ఆ తరువాత గర్భం దాల్చడం కష్టమవుతుంది. గుంపులో పిల్లల పెంపకాన్ని చూడకుండా పెరిగిన తల్లి తన బిడ్డను దగ్గరకు తీసుకోకపోవచ్చు కూడా. పైకి చూస్తే జంతువుల సంఖ్య నిలకడగానే కనిపిస్తుంది గాని, లోపల ఆ గుంపు ముసలిదైపోతూ ఉంటుంది.

మన దేశంలో సమస్య వేరు. కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ సంరక్షిత ప్రజననానికి ఎంచుకున్న జాతుల్లో ఇదీ ఒకటి, చెన్నై దగ్గరి వండలూరు జూ వంటి చోట్ల ఆ పని సాగుతోంది. కానీ అక్రమంగా పట్టుకున్నవారి నుంచి స్వాధీనం చేసుకున్న కోతులు జత లేకుండా ఏదో ఒక జూలో ఒంటరిగా మిగిలిపోతే, వాటి వంశం వాటితోనే అంతరిస్తుంది. ప్రతి నగరపు జూలోనూ ఈ కోతి కనబడాలన్న పట్టుదల మానుకుని, ఉన్నవాటిని ఎత్తైన చెట్లు, విశాలమైన ఆవరణలు ఉన్న నాలుగైదు చోట్లకు చేర్చి, సహజమైన గుంపులుగా కట్టడం అన్నిటికన్నా ముందు జరగవలసిన పనని నేను గట్టిగా నమ్ముతున్నాను. దానివల్ల కొన్ని జూల సందర్శకులు ఈ కోతిని చూసే అవకాశం కోల్పోతారు. ఆ నష్టాన్ని భరించడానికి మనం సిద్ధపడాలి.