ఇంట్లో బేకన్: తూకం తప్పొద్దు

బేకన్ అంటే ఉప్పు పట్టించి ఊరబెట్టిన పంది పొట్టమాంసం. కిలో మాంసానికి 22 గ్రాముల మామూలు ఉప్పు, 10 గ్రాముల బెల్లం పొడి, 2.5 గ్రాముల క్యూరింగ్ సాల్ట్ నంబర్ 1 (మాంసం ఊరబెట్టడానికి వాడే, నైట్రైట్ కలిపిన గులాబీ రంగు ఉప్పు). ఈ చివరిది చెంచాతో కొలవొద్దు. అందులో 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటుంది, ఎక్కువైతే విషమే. గ్రాములో పదో వంతు చూపే కాటా కొనుక్కోండి. అదీ గులాబీ రంగే కదా అని దీని బదులు సైంధవ లవణం వేయకండి, దాంట్లో నైట్రైట్ ఉండదు.

మూలమూలకూ రుద్ది, జిప్ కవర్లో గాలి తీసేసి, ఫ్రిజ్‌లో 2–4 డిగ్రీల దగ్గర 7 నుంచి 10 రోజులు ఉంచి, రోజూ తిప్పండి. ఊరిన నీళ్లు పారబోయకండి, రుద్దిన ఉప్పు, బెల్లం కొంత వాటిలోనే ఉంటాయి. తర్వాత కడిగి, తుడిచి, ఒక రాత్రి ఫ్రిజ్‌లోనే మూత లేకుండా ఆరనిచ్చి, 95 డిగ్రీల ఓవెన్‌లో ముక్క లోపల 65 వచ్చేదాకా ఉంచాలి. కోస్తే నడుమ బూడిద రంగు కనిపించిందా? క్యూరింగ్ సాల్ట్ అక్కడిదాకా చేరలేదు. మందపు ముక్కకు ఇంకో మూడు నాలుగు రోజులు ఇవ్వాల్సింది.