గురువారం, జుమేరాత్ బజార్, సంచిలో అయస్కాంతం

పొద్దున్నే హైదరాబాద్‌లో పురానాపూల్ వైపు, గురువారాల్లో జరిగే పాత సామాను సంతకు. ఎండెక్కితే జుమేరాత్ బజార్‌లో నేల మీద పరిచిన ఇనుమును చేత్తో ముట్టుకోలేం. అప్పటికి పనికొచ్చే సామాను కూడా తుక్కు బస్తాల్లోకి వెళ్లిపోతుంది. సంచిలో చిన్న అయస్కాంతం, తెల్ల కాగితం, పాత గుడ్డ, నీళ్ల సీసా, అడుగు పొడవు స్టీలు స్కేలు. పాత సామాను బేరమాడే ముందు వీటితో ఐదు నిమిషాలు గడిపితే చాలు, సగం మోసాలు బయటపడతాయి.

ముందు కత్తిపీటలు. కొత్తవి దొరక్కపోలేదు గానీ, చాలావాటికి స్టెయిన్‌లెస్ రేకు, మడిచిపెట్టే కీలు. చిక్కంతా ఆ కీలుతోనే. గుమ్మడికాయ లాంటి గట్టి కాయను నొక్కినప్పుడు కీలులో వెంట్రుకవాసి సందున్నా కత్తి పక్కకు వాలుతుంది, వేలు తెగేది అప్పుడే. పాతరకం కత్తికి కీలు ఉండదు, దాని మొదలు పీటలోకి దిగి బిగిసి ఉంటుంది. పీటను కాలితో తొక్కిపట్టి, కత్తి మొద్దు అంచును పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడాలి. టకటకమంటే చెక్కలో బెజ్జం పెద్దదైందని అర్థం. టేకు చీలిక దిగ్గొట్టిస్తే బిగుస్తుంది. పీట నిలువునా పగిలి ఉంటే మాత్రం అతుకులతో లాభం లేదు, చెక్క మార్చాల్సిందే.

తర్వాత అంచు చూడాలి. తుప్పును చూసి భయపడనక్కర్లేదు. భయపడాల్సింది నీలం రంగును చూసి. కరెంటు సాన మీద తొందరగా పట్టినప్పుడు అంచు సుమారు 300 డిగ్రీలకు చేరితే ఉక్కు నీలంగా మారుతుంది. కొలిమిలో పెట్టిన పాయనం, అంటే ఉక్కుకు ఇచ్చిన గట్టిదనం, అక్కడ దిగిపోయినట్టే. ఎంత సాన పట్టినా నాలుగు రోజులకే మొద్దుబారుతుంది. ఆ నీలం భాగం మొత్తం అరిగేదాకా చేతి సానరాయి మీద నీళ్లు చల్లుకుంటూ తీసెయ్యాలి, అప్పుడే మంచి ఉక్కు తగులుతుంది. అమ్మేవాళ్లు తళతళ మెరిపించిన కత్తిలో ఈ నీలం కనబడదు, పాలిషుతో పోతుంది. అందుకే నా ఓటు ఎప్పుడూ తుప్పుపట్టిన దానికే.

వడ్రంగి పనిముట్లదీ ఇదే లెక్క. చెక్కను నున్నగా చేసే చిత్రికను ఇక్కడి వడ్రంగులు రందా అంటారు. పాత చెక్క రందాలో విలువంతా ఆకుది, అంటే చెక్కను కోసే రేకుది. మెత్తటి ఇనుము మీద ఒకవైపు మాత్రం పలచటి ఉక్కు పలక అతికి ఉంటుంది. వాలు తీసిన వైపు గుడ్డతో తుడిచి వెలుతురులో పెడితే రెండు లోహాల మధ్య గీత కనిపిస్తుంది. ఉక్కు ఇంకా ఎంత పొడవు మిగిలిందో చూసి కొనాలి, అరిగి చివరికొచ్చిన ఆకు తుక్కు కిందే లెక్క. స్కేలును రందా అడుగున నిలువుగా ఆనించి ఎండకేసి చూస్తే వంకర తెలుస్తుంది. కొద్దిపాటి వంకరైతే అద్దం పలక మీద అంటించిన ఉప్పుకాగితంతో సరిచేయొచ్చు. ఎక్కువ వంకరను అలా తీస్తూ పోతే ఆకు బయటికొచ్చే సందు వెడల్పై, చెక్క పొరలు చిట్లి లేస్తాయి.

సుత్తి, గొడ్డలి పిడి వదులైతే నీళ్లలో నానబెట్టమని ఇప్పటికీ సలహా ఇస్తారు. వద్దు. చెక్క ఉబ్బి ఇనుప కన్నులో నలుగుతుంది, ఆరాక మునుపటికంటే వదులవుతుంది. పిడి ఊడదీసి ఎండబెట్టి, మళ్లీ ఎక్కించి, పైన చీలిక కొట్టడమే మార్గం.

బీడు (పోత ఇనుము) పెనాలు బోలెడు. వేలి కణుపుతో కొడితే ఖణేల్‌మనాలి. బొంగురుగా మోగితే పగులుందని అనుమానించాలి. సీసాలోని నీళ్లు పెనం మీద పోసి, గుడ్డతో తుడిచి, కాసేపు ఆగితే, అంతా ఆరినా పగులు వెంట సన్నటి తడి గీత నిలుస్తుంది. ఇంకో జాగ్రత్త: ఇలాంటి సంతల్లో దొరికే ఇనుప గరిటెల్లో, మూకుళ్లలో బ్యాటరీల సీసం కరిగించినవీ ఉంటాయి. అడుగున వెండిరంగు చుక్కలు గడ్డకట్టి, గోటితో గీస్తే మెత్తగా దిగితే దాన్ని వంటింట్లోకి రానివ్వకూడదు.

మధ్యాహ్నం బేగంబజార్. ఇత్తడి గంజులు (వంట పాత్రలు) వరసగా వేలాడుతుంటే అయస్కాంతానికి పని. ఇత్తడికి అతుక్కుంటే అది పూత పూసిన ఇనుమే. కానీ గంజు కొనడం ఇక్కడ కష్టం కాదు. దానికి కళాయి, అంటే లోపల తగరం పూత, సరిగ్గా వేసేవారు దొరకడమే కష్టం. కళాయి లేని ఇత్తడిలో పచ్చిపులుసో పప్పుచారో పెడితే రాగి అందులోకి దిగుతుంది, నోరు చిలుము రుచి కొడుతుంది. పని చేస్తుండగా దగ్గర నిలబడి చూడాలి, అప్పుడే వేసింది తగరమో కాదో తెలుస్తుంది.

చింతపండు, ఇసుకతో రుద్ది పాత పొర, జిడ్డు పూర్తిగా తీయాలి. ఎక్కడ జిడ్డు మిగిలితే అక్కడ నల్లమచ్చ, దాని మీద తగరం నిలవదు. గంజును నిప్పుల మీద తిప్పుతూ కాచి, తగరం కడ్డీ తాకిస్తే కరిగి జారాలి. తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర. అప్పుడు నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొడి వేడికి విడిపోయి పుట్టే ఆమ్లం లోహం మీది ఆక్సైడు పొరను తినేస్తుంది, తగరం పట్టేది అందువల్లే. పొగ గొంతులో మండుతుంది, గాలికి ఎదురుగా నిలబడొద్దు. వెంటనే దూది ఉండతో లోపలంతా పులమాలి. వేడి తక్కువైతే గడ్డలు గడ్డలుగా, ఎక్కువైతే పసుపుపచ్చగా మాడి కనిపిస్తుంది.

తగరం ఖరీదు. అందుకే సీసం కలిపే పాపాత్ములుంటారు. చల్లారాక తెల్ల కాగితంతో గట్టిగా రుద్ది చూడాలి. సీసం కాగితం మీద బూడిదరంగు గీత గీస్తుంది. గీత పడితే ఆ గంజు వంటకు పనికిరాదు, మొత్తం తీయించి మళ్లీ వేయించాలి. మంచి కళాయిని పాడుచేసేది ఎక్కువగా మన పొయ్యే. పూరీల నూనె 180 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి బెంగలేదు. పోపుకోసం ఖాళీ గంజును గ్యాసు మీద పెట్టి మరిచిపోతే కొద్ది నిమిషాల్లో 232 దాటుతుంది, తగరం కరిగి ఒక మూలకు చేరుతుంది. స్టీలు పీచు, పొడి సబ్బు అసలు వాడొద్దు.

పప్పుగుత్తి, కవ్వం గురించి రాసేదేం లేదు. చెక్క నున్నగా ఉండాలి, జిగురు వాసన రాకూడదు, అంతే.

సాయంత్రం ఇంట్లో తుప్పు పని. కత్తులను వెనిగర్‌లో రాత్రంతా ఉంచితే చాలు, రోజుల తరబడి ఉంచితే అంచునే తినేస్తుంది. తీశాక వంటసోడా నీళ్లలో కడిగి, తుడిచి, వెంటనే పలచగా వేరుశనగ నూనె రాయాలి. ఆలస్యమైతే పొద్దున్నకల్లా కొత్త తుప్పు. బీడు పెనానికీ నూనె పలచగానే, పొగ వచ్చేదాకా కాచి చల్లార్చి మళ్లీ మళ్లీ. దట్టంగా పూస్తే జిగటగా మిగులుతుంది.

ఇసుర్రాయి విషయం వేరు. రాయి దొరుకుతుంది, కక్కు కొట్టేవారు, అంటే ఉలితో రాయికి గాట్లు పెట్టేవారు, రావడం లేదు. పళ్లు అరిగి నున్నబడిన రాయి గింజను కొరకదు, నలిపి వేడెక్కిస్తుంది, పిండి ముద్దలా అంటుకుంటుంది. కొనేముందు మేకుతో గీసి చూస్తే, తెల్ల పొడి రాలే రాయి మెత్తది, ఆ ఇసుక జీవితాంతం పిండిలోకి వస్తూనే ఉంటుంది. నల్లరాయికి గీత పడదు, మేకే అరిగి మెరుపు గీత వదులుతుంది. కొత్తగా కక్కు కొట్టించాక తవుడు వేసి విసిరి పారబోయాలి, తర్వాత బియ్యం, పిండి తెల్లగా వచ్చేదాకా. కందులు పప్పు చేయాలంటే నడిమి మేకుకు గుడ్డ చుట్టి పై రాయిని కొద్దిగా ఎత్తాలి. నూనె, నీళ్లు పట్టించి ఎండబెట్టిన కందులను గుప్పెడేసి పోస్తూ నిదానంగా తిప్పాలి. ఎక్కువ పోస్తే పై రాయి తేలిపోయి సగం గింజలు అలాగే బయటపడతాయి.